ఇండీ పాప్ బ్యాండుని లైవ్‌లో ఎక్కడ వినాలి: పబ్బులోనా, ఆడిటోరియంలోనా, ఫెస్టివల్‌లోనా?

ఏడాదిగా ఫోన్‌లో వింటున్న బ్యాండు మన ఊరికి వస్తోందంటే చెయ్యి ఊరుకోదు, టికెట్ బుక్ చేసేస్తాం. అయితే ఈ రోజుల్లో ఒకే బ్యాండుని మూడు నాలుగు రకాల చోట్ల చూసే వీలుంది. 2016లో కొచ్చిలో మొదలైన వెన్ చాయ్ మెట్ టోస్ట్ లాంటి ఇండీ పాప్ బృందాలు, అంటే సినిమాలకీ పెద్ద కంపెనీలకీ బయట సొంతంగా పాటలు కట్టుకునేవాళ్ళు, క్లబ్బుల్లో పాడతాయి, కాలేజీ ఫెస్టుల్లో పాడతాయి, పెద్ద మైదానాల్లో జరిగే ఫెస్టివల్స్‌లోనూ పాడతాయి. పాటలు అవే, మనుషులూ వాళ్ళే. వినికిడి మాత్రం చోటుని బట్టి పూర్తిగా మారిపోతుంది. ఎక్కడ చూడాలన్న ఎంపిక దగ్గరే సగం విషయం తేలిపోతుంది కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీకు నిజంగా ఇష్టమైన బ్యాండు అయితే అది తన సొంత టూర్‌లో, కొన్ని వందల మంది మాత్రమే పట్టే హాల్లో పాడుతున్నప్పుడు చూడండి. ఫెస్టివల్ టికెట్ డబ్బు మీరింకా వినని వాళ్ళని కనిపెట్టడం కోసం పెట్టండి. చాలామంది దీనికి తిరగేసి చేస్తారు. ఇష్టమైన ఒక్క బ్యాండు కోసం వేలు పోసి ఫెస్టివల్‌కి వెళ్ళి, వాళ్ళని ఎంతో దూరం నుంచి ముప్పావు గంట సేపు చూసి వస్తారు.

చిన్న హాలు ఎందుకు

ఇండీ పాప్ అనే సంగీతమే దానికి కారణం. ఇందులో గొంతు గట్టిగా ఉండదు, పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది. ఒక గిటారు మీద తీగలు విడివిడిగా మోగుతుంటాయి, వెనక ఇద్దరు సన్నగా హార్మనీ కలుపుతుంటారు, ఎక్కడో ఒక బాంజోనో ట్రంపెటో వచ్చి పోతుంది. డ్యాన్స్ మ్యూజిక్ కోసం సర్దిన సౌండ్ సిస్టమ్ మీద ఇదంతా వింటే అడుగున ఉన్న బేస్ ఉబ్బి పైనున్నవన్నీ మింగేస్తుంది. చిన్న గదిలో అయితే పాటకీ పాటకీ మధ్య గిటారిస్టు కాపో (తీగల్ని అడ్డంగా నొక్కిపట్టే క్లిప్పు) తీసి రెండు మెట్లు పైకి బిగించడం కనిపిస్తుంది. ట్యూనింగ్ సరిచూసుకుంటూ కాలితో పెడల్ నొక్కడం కనిపిస్తుంది. సింగర్ మైక్ నుంచి ఒక అడుగు వెనక్కి వేసి పల్లవిని జనానికి వదిలేస్తే, ఆ మూడొందల గొంతుల్లో మీ గొంతు మీకే వినిపిస్తుంది.

రెండో కారణం సమయం. సొంత షోలో బ్యాండు మామూలుగా గంటంబావు నుంచి గంటన్నర దాకా వాయిస్తుంది. మధ్యాహ్నం పూట ఫెస్టివల్ స్లాట్ అయితే నలభై నిమిషాలో, కాస్త పెద్ద పేరుంటే గంటో ఉంటుంది. ఆ కాస్త సమయంలో అందరికీ తెలిసిన పాటలే వాయిస్తారు. నెమ్మదిగా సాగే పాటలు, ఇంకా విడుదల కాని పాటలు, ఆ పాట ఎలా పుట్టిందో చెప్పే కబుర్లు సొంత షోలోనే దొరుకుతాయి. పైగా ఫెస్టివల్‌లో చివర్లో వచ్చే పెద్ద పేర్లకి తప్ప మిగతావాళ్ళకి పూర్తి సౌండ్‌చెక్ దొరకడం కష్టం. వైర్లు కలిశాయా, మైకులు పలుకుతున్నాయా అని చూసుకుని మొదలుపెట్టేస్తారు. మొదటి రెండు పాటల్లో గొంతు సరిగ్గా వినపడకపోతే తప్పు బ్యాండుది కాదు.

పబ్బు, క్లబ్బు

హైదరాబాద్‌లో బయటి ఊరి ఇండీ బ్యాండ్ల షోలు చాలావరకు జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు పబ్బుల్లోనో, మైక్రోబ్రూవరీల్లోనో జరుగుతాయి. వీటిలో రెండు రకాలున్నాయి, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి అసలు కచ్చేరీల కోసమే కట్టిన క్లబ్బు. స్టేజీ కాస్త ఎత్తుగా ఉంటుంది, ముందు ఖాళీ నేల ఉంటుంది, ఎదురుగా సౌండ్ ఇంజనీర్ బల్ల ఉంటుంది. రెండోది ఒక మూలకి స్టేజీ పెట్టిన రెస్టారెంట్. అక్కడ స్టేజీకీ జనానికీ మధ్య టేబుళ్ళు ఉంటాయి, ముందు వరస టేబుల్ బుక్ చేసుకున్నవాళ్ళు పుట్టినరోజు కేకు కోస్తుంటారు, బ్యాండు ఎంత బాగా వాయించినా వాళ్ళ కబుర్ల మీదుగానే మీకు వినపడుతుంది. టికెట్ కొనే ముందు ఆ చోట జరిగిన పాత షోల వీడియోలు చూడండి. వీడియోలో జనం నిలబడి స్టేజీ వైపు తిరిగి ఉంటే కొనండి. ఫోర్కులు, ప్లేట్లు కనిపిస్తే ఆలోచించండి.

గోడలు కూడా గమనించండి. అద్దాలు, టైల్స్, కాంక్రీటు ఉన్న గదిలో శబ్దం తిరిగి తిరిగి కొడుతుంది, పాట మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. జనం నిండితే కొంత మేలు, మనుషుల ఒళ్ళూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. సగం ఖాళీగా ఉన్న బ్రూవరీ మాత్రం ఇండీ పాప్‌కి బొత్తిగా పనికిరాదు.

లోపలికి వెళ్ళాక ఎక్కడ నిలబడాలంటే, సౌండ్ ఇంజనీర్ బల్లకి కాస్త ముందు, గదికి మధ్యలో. ఆయన చెవికి ఏది బాగుందో అదే మిక్స్ చేస్తాడు కాబట్టి గదిలో అంతకన్నా మంచి చోటు లేదు. స్టేజీకి ఆనుకుని నిలబడితే డ్రమ్స్, గిటారు ఆంప్ నేరుగా మొహం మీద కొడతాయి, గొంతు మాత్రం పక్కనున్న స్పీకర్ల నుంచి మీ తల మీదుగా వెనక్కి పోతుంది. బ్యాండుని దగ్గరగా చూడాలనుకుంటే మొదటి రెండు పాటలు ముందు ఉండి తర్వాత వెనక్కి జరగండి.

పబ్బుతో వచ్చే చిక్కు వయసు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మద్యానికి కనీస వయసు 21 కాబట్టి చాలా పబ్బుల్లో అంతకన్నా చిన్నవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఇండీ పాప్ వినేవాళ్ళలో పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ పిల్లలూ ఉంటారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. టికెట్ పేజీలో వయసు నియమం అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ముందు అది చదవండి. అలాగే కవర్ ఛార్జి ఉంటే అది తిండికీ తాగుడికీ సర్దుతారా, ఎంట్రీకే పోతుందా అని అడగండి. పోస్టర్ మీద ఎనిమిదింటికి అని ఉన్నా బ్యాండు తొమ్మిది దాటాక ఎక్కడం మామూలే. మర్నాడు ఆఫీసు ఉన్నవాళ్ళు, మెట్రోలో తిరిగి వెళ్ళాలనుకునేవాళ్ళు ఆ లెక్క వేసుకోవాలి.

కూర్చుని వినే చోట్లు

శిల్పకళా వేదిక, రవీంద్రభారతి లాంటి ఆడిటోరియాలు సినిమా పాటల కార్యక్రమాలకీ, శాస్త్రీయ సంగీతానికీ అలవాటైన చోట్లు. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలన్నా, మోకాళ్ళ నొప్పులున్నా, పిల్లలతో వెళ్ళాలన్నా ఇదే సరైన ఎంపిక. కేరళ నుంచి వచ్చే థైక్కుడం బ్రిడ్జ్, కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపే బెంగళూరు బృందం ఆగమ్ లాంటి, స్టేజీ మీద చాలామంది ఉండే బ్యాండ్లకి పెద్ద వేదిక బాగా నప్పుతుంది. నలుగురే ఉన్న మెత్తటి ఇండీ పాప్ బృందానికి రెండు వేల పైచిలుకు సీట్ల హాలు కొంచెం పెద్ద చొక్కా తొడిగినట్టుంటుంది. ఎగిరి గెంతాలనిపించే పాటకి జనం కుర్చీల్లోనే కూర్చుని చప్పట్లు కొడుతుంటే స్టేజీ మీదవాళ్ళ ఉత్సాహం కూడా తగ్గిపోతుంది. సీటు ఎంచుకునే వీలుంటే మొదటి నాలుగైదు వరసలు వదిలేసి మధ్యలో తీసుకోండి. ఖరీదైన ముందు వరసలో మొహాలు బాగా కనిపిస్తాయి, పాట మధ్య వరసలోనే బాగా వినిపిస్తుంది.

బంజారాహిల్స్‌లోని లామకాన్‌ది వేరే దారి. 2010 నుంచి నడుస్తున్న ఈ సాంస్కృతిక వేదిక ఒక ఇంటి ఆవరణ. పక్కనే పెద్ద బండ, ఆరుబయట అరుగులు, చాయ్, సమోసా. మద్యం లేదు కాబట్టి పద్దెనిమిదేళ్ళ పిల్లలు కూడా నిశ్చింతగా రావచ్చు. టికెట్ కూడా అందుబాటులోనే ఉంటుంది. పెద్ద సౌండ్ సిస్టమ్, లైట్లు ఆశించకండి. అకూస్టిక్ గిటారుతో సొంత పాటలు పాడే హైదరాబాద్ కుర్రాళ్ళని వినడానికి మాత్రం ఇంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. ఇక్కడ జనం నిజంగా వింటారు.

సోఫార్ సౌండ్స్ అని ఇంకొకటుంది. 2009లో లండన్‌లో మొదలై చాలా దేశాలకి పాకింది. ఎవరు పాడతారో ముందు చెప్పరు, చిరునామా కూడా షోకి కాస్త ముందే పంపుతారు. మామూలుగా ముగ్గురు కళాకారులు, ఎవరిదో మేడ మీదో, ఆఫీసులోనో, నేల మీద కూర్చుని వినడం. ఫలానా బ్యాండే కావాలంటే ఇది పనికిరాదు. ఎవరినైనా వింటాను, నిశ్శబ్దంగా వింటాను అంటే వెళ్ళండి.

ఫెస్టివల్స్

లోలాపలూజా అనే పెద్ద సంగీత ఫెస్టివల్ మన దేశంలో 2023 జనవరిలో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సులో మొదటిసారి జరిగినప్పుడు ఇమాజిన్ డ్రాగన్స్, ద స్ట్రోక్స్ పెద్ద పేర్లు. సిగరెట్స్ ఆఫ్టర్ సెక్స్ లాంటి మెత్తటి బ్యాండ్లు కూడా అదే టికెట్ మీద వినిపించాయి. 2025లో గ్లాస్ యానిమల్స్ వచ్చారు. ఫెస్టివల్ బలం అదే. విదేశీ ఇండీ బ్యాండ్లని చూడాలంటే చాలాసార్లు మనకి అదొక్కటే దారి. అలాంటప్పుడు పైన నేను చెప్పిన చిన్న హాలు నియమం పక్కన పెట్టి వెళ్ళండి.

బలహీనతలూ తెలుసుకుని వెళ్ళాలి. స్టేజీలు ఎక్కువ, కార్యక్రమాలు ఒకదాని మీద ఒకటి పడతాయి, మీకు నచ్చిన ఇద్దరు ఒకే గంటలో రెండు వేర్వేరు చోట్ల ఉండొచ్చు. టైమ్‌టేబుల్ టికెట్లు అమ్మిన చాలా రోజులకి గానీ రాదు. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లే పోతుంది కాబట్టి స్టేజీకి వంద మీటర్ల వెనక నిలబడితే తెర మీద పెదవులు కదిలాక సెకనులో మూడో వంతు ఆలస్యంగా పాట చేరుతుంది. అందుకే మైదానం మధ్యలో, ఆ ఆలస్యానికి తగ్గట్టు సమయం సర్దిన స్పీకర్ టవర్లు నిలబెడతారు. ఆ టవర్ ఎదురుగా నిలబడితే దూరమైనా స్పష్టంగా ఉంటుంది. గాలి వీస్తే పైస్థాయి శబ్దాలు, అంటే సరిగ్గా మనకి కావలసిన గొంతూ తీగలూ, అటూ ఇటూ ఊగుతాయి.

ఆరుబయట షోలకి ఇంకో లెక్క ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మామూలుగా రాత్రి 10 తర్వాత బయట లౌడ్‌స్పీకర్లు ఆపేయాలి. అందుకే చివరి బ్యాండు కూడా పదింటికల్లా ముగిస్తుంది. పబ్బు అలవాటుతో నెమ్మదిగా తొమ్మిదింటికి చేరితే దక్కేది చివరి పాటలే. మీరు చూడాలనుకున్న చిన్న బ్యాండు మధ్యాహ్నం మూడింటికే ఎండలో వాయించేసి ఉండొచ్చు.

జీరో మ్యూజిక్ ఫెస్టివల్ గురించి మాత్రం వేరేగా చెప్పాలి. అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో, అపతానీ తెగ ప్రజల వరిపొలాల మధ్య, బాబీ హానో, అనూప్ కుట్టి కలిసి 2012లో మొదలుపెట్టారు. సెప్టెంబరు చివర్లో జరుగుతుంటుంది. స్టేజీలు వెదురుతో స్థానికులే కడతారు. పగటి స్టేజీ పేరు డాన్యీ, రాత్రి స్టేజీ పేరు పీలో: సూర్యుడు, చంద్రుడు. ఈశాన్య రాష్ట్రాల బ్యాండ్లని ఇంత బాగా పరిచయం చేసే చోటు ఇంకోటి లేదని నా నమ్మకం. కానీ హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్ళడం తేలిక కాదు. ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవాళ్ళు అరుణాచల్‌లోకి వెళ్ళడానికి కావలసిన అనుమతి) తీసుకోవాలి, గువాహటి దాకా విమానం, అక్కడి నుంచి నాహర్లగున్‌కి రైలు, ఆపైన కొండదారిలో గంటల తరబడి సుమో ప్రయాణం. వాన పడితే మోకాలి దాకా బురద, రాత్రి చలి. గమ్‌బూట్లు, రెయిన్‌కోటు తప్పనిసరి. ఒక్క బ్యాండు కోసం వెళ్ళేవాళ్ళకి ఇది తగదు. వారం సెలవు పెట్టి, ఎవరు పాడినా విందామనుకుని వెళ్ళేవాళ్ళకి ఇదే అన్నిటికన్నా ముందు చెబుతాను.

విద్యార్థులైతే కాలేజీ ఫెస్టుల్ని తేలిగ్గా తీసుకోకండి. బిట్స్ హైదరాబాద్ పెర్ల్, ఐఐటీ హైదరాబాద్ ఎలాన్, వరంగల్ ఎన్ఐటీ స్ప్రింగ్ స్ప్రీ లాంటి వాటికి పేరున్న బ్యాండ్లు వస్తుంటాయి. బయటి కాలేజీ ఐడీతో అనుమతి ఉంటుందా లేదా ముందే కనుక్కోండి. సౌండ్ ఆ ఏడాది కాంట్రాక్టు ఎవరికిచ్చారన్న దాని మీద ఆధారపడుతుంది, దానికి గ్యారంటీ లేదు.

పోస్టర్‌ని చదవడం

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. పోస్టర్ మీద 'అకూస్టిక్' అనో 'డ్యుయో సెట్' అనో ఉంటే నలుగురిలో ఇద్దరే రావచ్చు. 'డీజే సెట్' అని ఉంటే ఆ బ్యాండు పాటలు అసలు వినపడకపోవచ్చు. సింగర్ పేరొక్కటే ఉందా, బ్యాండు పేరు ఉందా చూడండి. ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో.లో పాడే సూర్యకాంత్ సాహ్నీ, లిఫాఫా పేరుతో ఒంటరిగా ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తారు. రెండూ బాగుంటాయి, రెండూ పూర్తిగా వేరు. ట్రంపెట్లు వినిపిస్తాయనుకుని లిఫాఫా షోకి వెళితే మెషీన్ల లయ వినిపిస్తుంది. అలాగే ద లోకల్ ట్రెయిన్ పాటల్ని రమణ్ నేగి గొంతుతో గుర్తుపెట్టుకున్నవాళ్ళు తెలుసుకోవాల్సింది, ఆయన 2022లో బ్యాండు వదిలి సొంతంగా పాడుతున్నారు.

మన దగ్గర ఇంకో గందరగోళం కూడా ఉంది. హైదరాబాద్, విశాఖ పబ్బుల్లో 'లైవ్ బ్యాండ్' అని రాస్తే చాలావరకు సినిమా పాటలు వాయించే బృందమని అర్థం. వాళ్ళు మంచి కళాకారులే, ఆ పని తేలికేమీ కాదు. మీరు వెతుకుతున్నది సొంత పాటలైతే మాత్రం పోస్టర్ మీద 'ఒరిజినల్స్' అనే మాటో, కొత్త ఆల్బమ్ పేరో, టూర్ పేరో ఉందేమో చూడండి. తెలుగులో సొంత పాటలు కట్టిన హైదరాబాద్ బృందం చౌరస్తా లాంటివాళ్ళు పాడుతున్నారంటే ఏ చోటైనా సరే వెళ్ళమంటాను. మన భాషలో ఇండీ పాట పదిమంది కలిసి పాడే సందర్భాలు ఇంకా తక్కువే.

అమెరికాలో ఉన్నవాళ్ళకి

మీ దగ్గర మధ్యస్థాయి హాళ్ళు బోలెడు. న్యూయార్క్ బోవరీ బాల్‌రూమ్‌లో 575 మంది పడతారు, శాన్‌ఫ్రాన్సిస్కో ఫిల్‌మోర్‌లో దాదాపు 1,300. ఇండీ పాప్‌కి ఇవి సరిగ్గా సరిపోయే కొలతలు. ఫిల్‌మోర్‌లో లోపలికి వెళ్ళగానే తొట్టె నిండా ఆపిల్ పళ్ళు పెట్టి ఉంటాయి, ఎవరైనా తీసుకోవచ్చు. టికెట్లన్నీ అమ్ముడైన చాలా షోల తర్వాత ఆ రాత్రికే వేసిన పోస్టర్‌ని ఇంటికి వెళ్ళేటప్పుడు ఉచితంగా చేతిలో పెడతారు. అలాంటి చోటు అందుబాటులో ఉండగా ఎరీనా పై అంతస్తు సీటు కొనకండి.

'డోర్స్ 7, షో 8' అంటే ఏడింటికి తలుపులు తెరుస్తారు, ఎనిమిదికి ఓపెనర్, అంటే అసలు బ్యాండు కన్నా ముందు పాడేవాడు, ఎక్కుతాడు, మీ బ్యాండు తొమ్మిది ప్రాంతంలో వస్తుంది. పిల్లల్ని చూసుకునే మనిషిని ఆ లెక్కతో పిలుచుకోండి. ఓపెనర్‌ని వదలకండి, రెండేళ్ళ తర్వాత పెద్దవాళ్ళయ్యేది చాలాసార్లు వాళ్ళే. టికెట్ మీద 'ఆల్ ఏజెస్', '18+', '21+' గుర్తులు గట్టిగా అమలు చేస్తారు. కొత్తగా వచ్చిన విద్యార్థుల దగ్గర స్టేట్ ఐడీ ఇంకా లేకపోతే పాస్‌పోర్టు పట్టుకెళ్ళాలి.

చెవులు

చిన్న హాల్లో ఉండే ఒకే ఒక్క ప్రమాదం, చెవులకి మరీ ఎక్కువయ్యే శబ్దం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం కచ్చేరీ చోట్లలో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో ఆ 100 డెసిబెల్స్‌కి రోజుకి పదిహేను నిమిషాలే సురక్షితం. సంగీతం కోసం చేసిన ఇయర్‌ప్లగ్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అవి అన్ని స్థాయిల్నీ సమంగా తగ్గిస్తాయి కాబట్టి మాటలు ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి. పిల్లల్ని తీసుకెళితే చెవుల మీద మఫ్స్ పెట్టకుండా తీసుకెళ్ళకండి.

వేరే ఊరికి వెళ్ళి చూడాలంటే

టూర్ హైదరాబాద్ రాకుండా బెంగళూరు, ముంబై, ఢిల్లీలకే వచ్చినప్పుడు ఏ ఊరు ఎంచుకోవాలి? బంధువులో స్నేహితులో ఉన్న ఊరు, ఆ తర్వాత చిన్న హాలు ఉన్న ఊరు. శనివారం షో అయితే ఇంకా మంచిది. సిగరెట్స్ ఆఫ్టర్ సెక్స్ 2025 జనవరిలో మన దేశానికి వచ్చినప్పుడు గురుగ్రామ్, ముంబై షోలు జరిగాయి, బెంగళూరు షో సాంకేతిక కారణాలతో అదే రోజు రద్దయింది. టికెట్ డబ్బు తిరిగొస్తుంది, రైలు టికెట్టూ గది అద్దే మనకి పోతాయి. కాబట్టి గది రద్దు చేసుకునే వీలున్నది తీసుకోండి, ఆ ఊళ్ళో షో కాకుండా ఇంకో పని కూడా పెట్టుకోండి.

అదే టూర్ హైదరాబాద్‌కీ వస్తుంటే, బెంగళూరు హాలు కాస్త మెరుగైనా సరే, ఇక్కడే కొనండి. చివరి రోజు దాకా ఆగకుండా కొనండి. నిర్వాహకులు షో నడపాలా, చిన్న చోటుకి మార్చాలా, రద్దు చేయాలా అని చూసేది ముందస్తు అమ్మకాలే. వచ్చే టూర్‌లో ఏ ఊళ్ళు ఉంచాలో తేల్చేటప్పుడూ ఆ అంకెలే తీసి చూస్తారు.